టోక్యోలో ఒక పూటకూళ్లయిల్లు

ముప్పదియేండ్లు బడిలో రామశబ్దము వల్లెవేయించినవానికి "రామెన్" అను మాట వినబడినచో అది తృతీయావిభక్తిగా తోచుట వింత కాదు. టోక్యో నగరమున ఉద్యోగము చేయుచున్న మా చిన్నవాడు ఆ మాట పలికినపుడు, "రామునిచేత ఏమి చేయబడినదిరా?" అని అడిగితిని. వాడు నవ్వి, "అది తినేది, బాపూ!" అనెను.

చీనాభాషలో "లా" యనగా లాగుట. "మియెన్" యనగా గోధుమపిండి తీగెలు. ఆ రెండును కలిసి జపానువారి నోట రామెన్ అయినవి. మన సేమియాకు పెద్దన్న యనుకొనుడు. పిండిలో క్షారజలము కలుపుదురు. అందుచే తీగె పసుపువన్నె తేలి, పంటిక్రింద సాగుచుండును. అప్పడముల పిండి కలిపిన మన ఇల్లాండ్రకు క్షారముయొక్క ఈ గుణము తెలియనిది కాదు.

మేము పోయినది అసకుస యను పేటకు. అచ్చటి సెన్సోజీ యను బౌద్ధాలయమున వెలసిన కన్నోను మన అవలోకితేశ్వరుడే. చీనా మార్గమున పోయి ఆ పేరు దాల్చెను. గుడికి పోవు వీధి పొడవునను అంగళ్లు, యాత్రికుల త్రొక్కిడి. జాతరనాడు వేములవాడ చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఈ పేటలోనే 1910లో ఒజాకి కనిచి యను నతడు యోకొహామానుండి చీనా వంటవాండ్రను రప్పించి "రైరైకెన్" అను భోజనశాల పెట్టెను. రామెను జపానులో సామాన్యుల తిండి యగుటకు ఆ యంగడి చాల తోడ్పడినది. 1958లో ఆండో మొమొఫుకు దానిని వేడినీట క్షణములో ఉడుకు పొట్లముగా మార్చెను. నేడు జమ్మికుంట కిరాణాకొట్లలో వ్రేలాడు నూడుల్సు పొట్లములు ఆ వంశమువే.

మేము చేరిన యంగడిలో పదిమందికి మించి చోటు లేదు. ద్వారముకడ నొక యంత్రము. డబ్బు వేసి మీట నొక్కినచో చీటీ వచ్చును. దానిని వంటవాని కియ్యవలెను. మాటతో పని లేదు. నాకు చిక్కు వచ్చినది అచ్చటనే. పుట్టి మాంసమెరుగనివాడను, యంత్రము నేమని అడుగుదును? బొమ్మలో పైపైన ఆకుకూర, మొలకలు కనబడుచున్నవి. కాని రామెనుకు ప్రాణము క్రింది రసములో నున్నది. దానిని పందియెముకలతోనో, కోడితోనో, ఎండుచేపలతోనో కాచుదురు. పైన కూరగాయలే యున్న గిన్నెలోను చేపరసము ఉండవచ్చును.

"అడుగరా" అంటిని. మా వెనుక వరుస పెరుగుచున్నది. వాడు తలవంచుకొని, "నేను అడుగుడు మానేసిన, బాపూ. దినాం ఎంతమందిని అడుగను?" అనెను.

నేనేమియు అనలేదు. ఇంటికడ నియమము నిలుపుకొనుట సులభము, వండువారందరు మనవారే. పరదేశమున పూటపూటకు ప్రశ్నతో భోజనమునకు కూర్చుండుట యెట్టిదో ఆ వరుసలో నిలుచుండగా నాకు తెలిసినది. తుదకు వాడే వంటవానిని పిలిచెను. అతడు చేయి తుడుచుకొని వచ్చి విని, రెండు ముంజేతులను అడ్డముగా కత్తెరవలె పెట్టి, కూడదని చూపి, వంగి నమస్కరించెను. అమ్ముకొనవలసిన సరకును గూర్చి అంత నిజము చెప్పిన వర్తకుని నేను మన పత్తిమండిలోను అరుదుగా చూచితిని! పిమ్మట వీధిలోనికి వచ్చి, మరియొక యంగడికి త్రోవ చూపెను.

అచ్చట నేను చెప్పకమునుపే మావాడు అడిగెను. ఆ రసము కొంబు అను సముద్రపు నాచుతోను, ఎండు పుట్టగొడుగులతోను కాచినది. ఆ నాచులోని రుచినే 1908లో ఇకెద కికునయె యను రసాయనశాస్త్రజ్ఞుడు వేరుపరచి "ఉమామి" యని పేరిడెను. మన షడ్రసములలో నిది చేరునో, ఏడవదియో వైద్యులు తేల్చవలె. టమాటచారు త్రాగినవానికి మాత్రము అది చుట్టమువలెనే తోచును.

ఆ తీగెలను పుల్లలతో నెత్తి చప్పుడగునట్లు జుర్రుకొందురు. అది అచ్చట తప్పు కాదు. చారు జుర్రినందులకు చిన్ననాడు మా తల్లిచేత మొట్టికాయలు తినినవాడను గనుక కొంత సంకోచించితిని, పిదప మానితిని.

గిన్నెను "హచి" యనిరి. అది మన "పాత్ర" శబ్దమే, బౌద్ధభిక్షువులతో చీనా మీదుగా పోయి అట్లు అరిగినది. ఈ సంగతి నేను చెప్పుచుండగనే మావాడు ఆ పాత్రను రెండుచేతుల నెత్తి, అడుగురసమువరకు త్రాగెను.