వంద కోళ్ళ మందు, పది కోళ్ళ ఇల్లు

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఎజెండాలో పంటల బీమా ఉంది, వేరుశనగ ధర ఉంది, కరెంటు ఉంది. వాటి మధ్య పెరటి కోళ్ళ గురించి పది నిమిషాలు మాట్లాడతామంటే కొందరు నవ్వారు. తప్పులేదు. మూడేళ్ళ కిందట మేమూ నవ్వేవాళ్ళమే. సంఘంలో ఇన్నేళ్ళుగా తిరుగుతున్నాం, ఎన్నో వినతిపత్రాలు రాశాం. ఒక్కదాంట్లోనూ కోడి అనే మాట రాయలేదు. అది ఆడవాళ్ళ సంగతిలే అనుకున్నాం.

మా ఇంట్లో అమ్మ కాలంలో కోళ్ళుండేవి. పొద్దున గంప ఎత్తడం, సాయంత్రం కమ్మడం, పెట్టను పొదగేయడం అన్నీ ఆమే చూసుకునేది. మా బడి పుస్తకాలకు, ఇంట్లోకి ఉప్పు మిరపకాయలకు ఆ గుడ్ల డబ్బే ఆసరా. ఆమె పోయాక గంప అటకెక్కింది. వరసగా రెండేళ్ళు వేరుశనగ దెబ్బతిన్నాక చేతి ఖర్చుకు ఏదో ఒకటి కావాలని ఇంట్లో ఆడవాళ్ళే మళ్ళీ కోళ్ళ మాట ఎత్తారు. అమ్మ పెంచడం చూశామే గానీ, మేము పెంచడం అదే మొదలు.

దసరా వెళ్ళాక 20 వనరాజా పిల్లల్ని తెచ్చాం. ఇది రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారు చేసిన రకం. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే ఇది 100 దాకా పెడుతుంది. చవకని ఒకరోజు పిల్లల్నే కొన్నాం. అది మొదటి తప్పు. తల్లిలేని పిల్లకు మొదటి మూడు, నాలుగు వారాలు వెచ్చదనం ఉండాలి. అట్టపెట్టెలో బల్బు వేలాడదీసి పడుకున్నాం. నాలుగో రాత్రి కరెంటు పోయింది. పొద్దున లేచి చూస్తే పిల్లలన్నీ ఒక మూలకు కుప్పపడ్డాయి, అడుగున ఐదు చచ్చిపోయి ఉన్నాయి. తర్వాత ఒకదాన్ని పిల్లి, ఒకదాన్ని గద్ద ఎత్తుకుపోయాయి. పదమూడు మిగిలాయి.

రెండు నెలలు దాటాక కొక్కెర తెగులుకు టీకా వేయించాలని మండల కేంద్రంలో పశువైద్యశాలకు వెళ్ళాం. అక్కడివాళ్ళు ఉన్నమాటే చెప్పారు. "సీసాలో వంద డోసులు ఉంటాయి. ఐసులో పెట్టి తీసుకుపోవాలి. కలిపాక గంట, రెండు గంటల్లో వేసేయాలి, మిగిలింది పనికిరాదు. మీ పదమూడు కోళ్ళ కోసం సీసా విప్పితే మిగతాది పారబోయాల్సిందే. ఊళ్ళో కోళ్ళున్నవాళ్ళను కూడగట్టుకోండి, వచ్చి వేస్తాం" అన్నారు. మాకు కోపం వచ్చింది. పేదవాడి కోడంటే వీళ్ళకు లెక్కలేదని తిట్టుకుంటూ ఇంటికొచ్చాం. ఆలోచించండి. ధర్నా అంటే లారీల నిండా జనాన్ని కూడగట్టినవాళ్ళం, టీకాకు పది ఇళ్ళ తలుపు తట్టలేదు.

ఎండలు ముదురుతున్నాయి. ఇంకో నెలకు గుడ్లు పెడతాయి అనుకుంటున్నాం. అప్పుడే చుట్టాలొస్తున్నారని సంతలో ఒక పుంజును కొని తెచ్చి పెరట్లో కట్టేశాం. కొంచెం తూగుతూ ఉంది, ఎండ దెబ్బ అనుకున్నాం. వారం తిరక్కుండానే మా కోళ్ళు రెక్కలు వేలాడేశాయి. పచ్చగా, తెల్లగా పారుకున్నాయి. నోరు తెరిచి ఎగపోశాయి. రెండు మెడ తిప్పుకొని గిరగిర తిరిగాయి. మూడు రోజుల్లో పది పోయాయి.

మొదట చచ్చినవాటిని గుంత తీసి పూడ్చకుండా దిబ్బ మీద పారేశాం. కుక్కలు వాటిని వీధంతా ఈడ్చాయి. పక్కింటి అవ్వకు ఆరు పెట్టలుండేవి. ఒంటరి మనిషి. గుడ్లమ్మి మాత్రలు కొనుక్కుంటుంది. నాలుగో రోజుకు ఆమె పెరట్లో ఒక్కటీ మిగల్లేదు. మేము వెళ్ళి తలవంచుకొని నిలబడితే ఆమె మమ్మల్ని ఒక్కమాట అనలేదు. "ఏటా ఈ కాలంలో పోయేవే కదా నాయనా" అంది. తిట్టుంటే బాగుండేది. ఏటా పోయేవే అని మనుషులు సర్దుకుపోయిన నష్టం ఇది. పంట పోతే రోడ్డెక్కుతాం. కోడి పోతే గంప బోర్లించి ఊరుకుంటాం. ఆ గంప కింద పోయింది ఆ ఇంటి ఆడమనిషి సొంత డబ్బు. ఎవర్నీ అడక్కుండా ఆమె ఖర్చు పెట్టుకోగలిగింది ఆ డబ్బొక్కటే.

ఆ ఏడాది దసరాకు మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ముందు కోళ్ళు కాదు, ఇళ్ళు లెక్కపెట్టాం. రెండు వీధుల్లో 22 ఇళ్ళు, 140 కోళ్ళు తేలాయి. అంటే రెండు సీసాలు. "బాగున్న కోళ్ళకు మందేసి చంపుతారా" అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో వాదన పెట్టుకోలేదు, ముందు మా కోళ్ళకే వేయించి చూపించాం. పశువైద్యశాల వాళ్ళు ఐసు పెట్టెతో తెల్లవారుజామున వచ్చారు. కోళ్ళను ఇంకా గంపల కింద నుంచి వదల్లేదు కాబట్టి పట్టుకోవడం సులువైంది. చిన్న పిల్లలకు లసోటా చుక్క కంట్లో వేశారు. రెండు నెలలు దాటిన వాటికి ఆర్‌టూబీ సూది చర్మం కింద వేశారు. ఊళ్ళో ఇద్దరు అమ్మాయిలు చూసి నేర్చుకున్నారు.

అవ్వకు మా వంతుగా రెండు నాటు పెట్టలు కొనిచ్చాం. వనరాజా పొదగదు, కాబట్టి పిల్లలు కావాలంటే నాటు పెట్ట ఉండాల్సిందే. ఇప్పుడు మా వనరాజా గుడ్లు కూడా ఆమె పెట్టల కిందే పొదుగుతాయి. 21 రోజులకు దిగిన పిల్లల్లో సగం ఆమెవి.

తర్వాతి ఎండాకాలం టీకా వేయని వీధుల్లో మళ్ళీ కొక్కెర వచ్చింది. మా రెండు వీధుల్లో పోయినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాగని అంతా గెలిచామని చెప్పం. మశూచి టీకా వేయించలేదు, ఆ జబ్బుకు కొన్ని పిల్లలు పోయాయి. మొదటి ఏడాది చేతి నుంచి మూడు వేలు పోయింది. ఇప్పుడు పది పెట్టల మీద రోజుకు మూడు గుడ్లు చిక్కుతున్నాయి. ఒకటి ఇంట్లో పిల్లలు తింటారు, మిగతావి అమ్ముతాం. ఫోన్లలో చూపించే లక్షలు ఇందులో లేవు. వేరుశనగకు గిట్టుబాటు ధర అడగడం మానేసి కోళ్ళు పెంచుకోండని ఎవరైనా చెబితే నమ్మకండి. పెట్టుబడిలో నూటికి యాభై కలిపి మద్దతు ధర ఇవ్వాలన్న మన డిమాండు అలాగే ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు మా అనుభవం నాలుగు మాటల్లో చెబుతాం. ఒకరోజు పిల్లల్ని కాదు, టీకా పడిన నెల పిల్లల్ని కొనండి. సంత నుంచి తెచ్చిన కోడిని రెండు వారాలు దూరంగా ఉంచాకే మందలో కలపండి. టీకాను ఆరు నెలలకోసారి మళ్ళీ వేయించండి. చచ్చిన కోడిని గుంత తీసి, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. అది మీ కోసమే కాదు, పక్కింటివాళ్ళ కోసం.

సంఘానికి మా విన్నపం ఇది. ప్రతి గ్రామ కమిటీ ఈ నెలలో ఊళ్ళో కోళ్ళ లెక్క రాయాలి. ఎండలు ముదరకముందే ఒక టీకా రోజు పెట్టాలి. ప్రతి ఊరికీ ఐసు పెట్టె, ఇద్దరు ఆడపిల్లలకు శిక్షణ ఇవ్వాలని ప్రభుత్వాన్ని అడిగే వాక్యం ఈసారి మన వినతిపత్రంలో చేర్చాలి.

వంద కోళ్ళ మందు పది కోళ్ళ ఇంటికి విడిగా అందదు. పది ఇళ్ళు కలిస్తేనే ఆ సీసా మూత తీస్తారు. ఇళ్ళను కలపడం మన పని. సంఘం పెట్టుకున్నది అందుకే.