వార్ధక్యమునందు తోటపని



మన సంఘము నిర్మింపదలచిన వృద్ధజనవసతిగృహము యొక్క పటమును మీరందఱును సభామండపద్వారమున చూచియుందురు. గదులు, భోజనశాల, వైద్యుని గది చక్కగా నమర్పబడినవి. ప్రహరీలోపల మిగిలిన నేలనంతయు రాతిపలకలతో కప్పి, అందమునకై క్రోటను తొట్లుంచి, వానికి నీరు పోయుటకొక తోటమాలిని నియమింతురట. దాతల యౌదార్యమునకు నమస్కరించుచునే, ఆ రాతిపలకలను గూర్చియు, ఆ తోటమాలిని గూర్చియు నాలుగు మాటలు మనవి చేయుదుము.

ముసలితనమున మనుష్యుని క్రుంగదీయునది కీళ్ళనొప్పి యొక్కటియే కాదు. రేపు తనతో నెవరికిని పని లేదను తలంపు అంతకంటె బరువైనది. ఉద్యోగము ముగిసినది, బిడ్డలు హైదరాబాదుననో అమెరికాలోనో స్థిరపడిరి, ఇంటిపెత్తనము కోడలి చేతికి పోయినది. "తాతగారూ, మీరు కూర్చోండి, మేము చూచుకొందుము" అని యింటివారు ప్రేమతోనే యందురు. కాని యా ప్రేమ చేతిలోని నీళ్ళచెంబును గూడ లాగికొనును. బడి విడిచిన పిదప మే మామాట యెన్నిమారులు వింటిమో లెక్కలేదు. విన్నప్పుడెల్ల నొకయేడు వయసు పైబడినట్లుండును.

ఈ సంగతినే ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అను నిద్దఱు విదుషీమణులు అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున నొక వృద్ధాశ్రమమున పరీక్షించి 1976లో ప్రకటించిరి. ఒక యంతస్తువారితో, మీ గది యమరిక, మీ కాలక్షేపము మీ యిష్టమని చెప్పి, తలకొక మొక్కను కోరుకొనుమని యిచ్చి, దానిని మీరే పెంచవలెననిరి. వేఱొక యంతస్తువారికిని మొక్కల నిచ్చిరి గాని, నీరు దాదులే పోయుదురనిరి. మూడువారములకు మొదటివారిలో నూటికి 93 గురు మెఱుగుపడిరనియు, రెండవవారిలో 21 గురు మాత్రమే మెఱుగుపడిరనియు తేలినది. పదునెనిమిది నెలల పిమ్మట మొదటివారిలో మరణములును తక్కువగా కనబడినవి. అయితే ఆ గణితమున నొక పొరపాటు బయటపడగా, దానిని గట్టి ప్రమాణముగా గొనరాదని తరువాత సవరణ వెలువడినది. మనకు మొదటి ఫలితమే చాలును. రెండంతస్తులందును మొక్కలున్నవి. భేదము చెంబు ఎవరి చేతనున్నదను దానియందే యున్నది.

మన పెద్దలకీ సంగతి క్రొత్తది కాదు. మూడవ యాశ్రమమునకు వానప్రస్థమని పేరు పెట్టినవారు వనమును మఱచిరా? సురపాలుని వృక్షాయుర్వేదమున చెట్ల రోగములకును వాతపిత్తకఫములే కారణములుగా చెప్పబడినవి. ఆక్సుఫర్డునందలి వ్రాతప్రతినుండి దాని యాంగ్లానువాదము 1996లో మన సికింద్రాబాదుననే వెలువడినది. తాను వాతరోగియై వాతము సోకిన చెట్టునకు చికిత్స చేయు ముదుసలిని తలచుకొన్న మాకు నవ్వును వచ్చును, గౌరవమును కలుగును. అందలి కుణపజలమును మాత్రము వసతిగృహమున వండవలదు. ఆ మాంసపుటెరువు వాసనకు నివాసులు పాఱిపోవుదురు. మాగిన పశువులపెంట చాలును.

తోట వృద్ధున కొసగునది ముఖ్యముగా నెదురుచూపు. పుష్యమాసమున మల్లెకు ఆకు దూసి కొమ్మలు కత్తిరించినవాడు వేసవి మొగ్గలకై కాచుకొనియుండును. శ్రావణమున చిక్కుడుగింజ నాటినవారికి సంక్రాంతికి కాయలు చేతికి వచ్చును. మా వీధిలో భర్తను గోల్పోయి మాటలు మానిన యొక ముదుసలి యుండెను. మనుమరాలు మేడమీద నొక చిక్కుడుపాదు పెట్టి, నీరు పోయుట యామెకే విడిచెను. ఆమె దుఃఖము తీరినదని మేమనము. కాని రథసప్తమినాడు రథములు కట్టుటకు కాయలు కావలెనని యిరుగుపొరుగు పిల్లలు వచ్చిరి. ఎవరికెన్ని యీయవలెనో యామె లెక్కించి యిచ్చినది, ఒకని గదమాయించినది గూడ. ఆ గదమాయింపు విని మేమెంతో సంతోషించితిమి.

ఇక నమరికను గూర్చి. నడుము వంగనివారికై నడుమెత్తు తిన్నెలు కట్టి మన్ను నింపవలెను. చక్రములకుర్చీలో కూర్చుండువారి మోకాళ్ళు దూరుటకు కొన్నింటి క్రింద చోటుంచవలెను. బాటలు పాచిపట్టి జారనివిగా నుండవలెను. ఎండ ముదిరిన వేళల పని కూడదు. మంటిలో చేయి గీచుకొనువారికి ధనుర్వాతపు టీకా ముందే వేయింపవలెను. గన్నేరు, ఉమ్మెత్త బొత్తిగా వలదు. మతిమఱపు రోగులు తెలియక నోట బెట్టుకొందురు. మంచముపట్టినవారి కిటికీలు చెట్లవైపుండవలెను. పెన్సిల్వేనియాలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స పొందిన 46 మందిలో, చెట్లు కనబడినవారు ఇటుకగోడ కనబడినవారికంటె త్వరగా నిల్లు చేరిరని రోజరు ఉల్రిక్ 1984లో వ్రాసెను.

మన్ను ముట్టుట కిష్టములేనివారిని బలవంతపెట్టరాదు. వారు నీడను కూర్చుండి మాపాదులను విమర్శింతురుగాక. తీవ్రమైన మనోవ్యాధికి వైద్యుడే కావలెను గాని వంగతోట చాలదు.

తోటమాలిని మాన్పింపుమని మేము కోరుట లేదు. అతడు నేల త్రవ్వి, నీరు తోడి తొట్టి నింపుగాక. చెంబుతో పోయుట నివాసులకు విడువవలెను. బావికి తూర్పుననున్న స్థలమున రాతిపలకలు పఱవకుండునట్లు నేటి సాయంకాలపు సభలో తీర్మానింపవలసినదిగా పోషకులను ప్రార్థించుచున్నాము. నాటుటకు మల్లె యంట్లును, చిక్కుడు విత్తనములును మాయింట సిద్ధముగా నున్నవి.