బీటవారిన ఘటము

మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మవారి తిరునాళ్ళకు పోయినవారు మట్టికుండను కొనుటకు ముందు వ్రేలి కణుపుతో తట్టి చూచుట ఎరుగుదురు. ఖంగుమని మ్రోగినచో కుండ గట్టిది. బొంగురుగా పలికినచో ఎక్కడనో బీట యున్నది. మేమును ఒక పర్యాయము అట్లే తట్టి, మంచి కుండయే యని తెచ్చుకొంటిమి. పాలు పొంగకమునుపే అడుగు నెర్రె విచ్చి, పొంగలి కాస్తా పొయ్యిపాలైనది. అమ్మినవాని తప్పేమియు లేదు. చన్నీటితో కడిగిన కుండను తడి యారకముందే భగభగ మండు పొయ్యిపై నెక్కించినవారము మేమే.

మంట తగిలిన వైపు వ్యాకోచింపజూచును; చల్లగా నున్న వైపు కదలదు. ఈ పెనుగులాటలో ఒక వైపు నొక్కుడు, మరియొక వైపు లాగుడు ఏర్పడును. కాలిన మన్ను నొక్కుడును ఎంతైనను ఓర్చును గాని లాగుడును ఓర్వదు. ఇనుము కొంత సాగి సర్దుకొనును; మట్టికి ఆ గుణము లేదు. పెళుసు వస్తువులో ముందుగనే దాగియున్న సన్నని బీటయే దాని బలమును నిర్ణయించునని గ్రిఫిత్ అను ఆంగ్లేయుడు 1921లో ప్రకటించిన వ్యాసమున చూపెను. ఒకే ఆవములో కాలిన రెండు కుండలు ఒకే బలము గలిగి యుండకపోవుటకు కారణ మిదియే. బానకంటె ముంత గట్టిదగుట కూడ ఇందువలననే: వస్తువు పెద్దదైనకొలది అందొక చెడ్డ బీట దాగియుండు అవకాశ మెక్కువ. స్వీడను దేశీయుడు వైబుల్ 1939లో దీనికి గణితము కట్టెను.

ఇక సూక్ష్మరంధ్రముల మాట. కూజాకు రంధ్రములు లేనిదే నీరు చల్లబడదు. అవి బలమును తగ్గించును. అయినను పాకుచున్న బీట ఒక్కొక్కప్పుడు రంధ్రమును చేరి అచటనే ఆగిపోవును. కొలిమి ఇటుక సచ్ఛిద్రముగా నుండియు ఏండ్ల తరబడి వేడికి నిలుచుటకు ఇది యొక కారణము.

నందిగామ మీదుగా పోవు పెద్దబాటను పట్టి హైదరాబాదు చేరినచో, అచట 1971లో నెలకొల్పబడిన అణు ఇంధన సముదాయము కలదు. యురేనియం ఆక్సైడు పొడిని అచట అచ్చులలో నొక్కి, సుమారు 1,700 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చి, వ్రేలి కొనంత బిళ్ళలుగా చేయుదురు. ఇదియు కుమ్మరపనియే. బిళ్ళలో నూటికి నాలుగైదు వంతులు రంధ్రములుండును. అణువులు చీలునపుడు బిళ్ళ ఉబ్బును. ఆ ఉబ్బునకు ఈ రంధ్రములు కొంత చోటిచ్చును. రియాక్టరులో బిళ్ళ నడిమికిని అంచునకును వేయి డిగ్రీలకు మించిన తేడా ఏర్పడవచ్చును. సుమారు నూరు డిగ్రీల తేడాకే అది బీటవారును. వినుటకు భయము కలుగవచ్చును గాని, ఆ బీటలు ముందెరిగినవే. ముక్కలను జిర్కోనియం గొట్టము పట్టి యుంచును. జాగ్రత్త యంతయు ఆ గొట్టమును గూర్చియే: ముక్కల అంచులు దానిని ఒత్తకుండుటకు, విద్యుచ్ఛక్తిని ఒక్కుమ్మడిగా పెంచక మెల్లమెల్లగా పెంచుదురు.

ఇట్టి ఓదార్పు ఇంధన ఘటమునకు లేదు. ఘటమన్న కుండయే గదా, పేరు భలే కుదిరినది! ఇందులో ఇంధనమును మండింపకయే, రసాయనిక చర్యచే నేరుగా విద్యుత్తును పుట్టింతురు. జిర్కోనియా అను పింగాణి పొర వాయువులు కలిసిపోకుండ అడ్డుగా నుండును. కొన్నిటిలో అది వెండ్రుకకంటె ఎంతో పలుచన. దానిని మోయునది నికెలు కలిసిన సచ్ఛిద్రమైన పలక. రంధ్రములు లేనిచో వాయువు లోపలికి చొరదు; ఎక్కువైనచో పలక నిలువదు. 800 డిగ్రీలు వేడెక్కినపుడు మీటరు పొడవు గల జిర్కోనియా సుమారు 8.4 మిల్లీమీటర్లు పెరుగగా, ఈ పలక 10 వరకు పెరుగును. అతికిన రెండు పొరలకు ఈ తేడా చాలును, వంకర తిరుగుటకు.

అంతకంటె పెద్ద గండము వేరొకటి కలదు. నికెలు ఆక్సైడు నికెలుగా మారునపుడు దాని ఘనపరిమాణము నూటికి 40 వంతులు తగ్గి, ఆ మేరకు పలకలో రంధ్రములు పెరుగును. వేడిగా నుండగా ఇంధనము ఆగి గాలి లోనికి చొచ్చినచో, నికెలు మరల ఆక్సైడై ఉబ్బును. ఆ ఉబ్బు జిర్కోనియా పొరను లాగి చీల్చును. పొర చీలినచో వాయువులు కలిసి మండును, ఘటము పోయినట్లే. దానిని పట్టి యుంచు గొట్టము లేదు.

జపానులో 2011 నుండి ఇట్టి ఘటములు గల యంత్రములు ఇండ్లకు అమ్మకమునకు వచ్చినవి. ఆర్పక రేయింబవళ్ళు నడుపుట వానికి మేలు. ఆర్పినపుడెల్ల చల్లారవలెను, వెలిగించినపుడెల్ల వేడెక్కవలెను. ప్రతి పర్యాయమును ఒక పరీక్షయే. మన పల్లెలలో ఇంధనపు సిలిండరు నడిరేయి అయిపోయినచో ఏమగునన్న ప్రశ్నకు సమాధానము యంత్రము చేయువాడే ముందుగా చెప్పవలసి యుండును. పరిశోధనశాలలలో ఇపుడు ఘటము వేడెక్కుచుండగా, చల్లారుచుండగా, అందు పుట్టు సన్నని చిటచిటలను పరికరములతో వినుచున్నారు. చెవికి అందని ఆ చప్పుడును బట్టి బీట ఏ డిగ్రీ వద్ద మొదలైనదో కనుగొనుచున్నారు.