ముక్కు నిద్రపోయినప్పుడు

నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవారికి ఇది తెలిసిందే. కల్లుప్పు నీళ్లలో నెమ్మదిగా కరుగుతుంది. దంచిన ఉప్పు ఇట్టే కరిగిపోతుంది. గింజ చిన్నదైతే నీరు తగిలే చోటు ఎక్కువ.

గ్యాసును పసిగట్టే పరికరంలోనూ ఇదే కిటుకు. ఇత్తడి గిన్నెలకి కళాయి పూసే తగరం ఉంది కదా, దాని ఆక్సైడు పొడిని అందులో వేడిగా ఉంచుతారు. వంటగ్యాసు తగిలితే పొడిలో కరెంటు ఎక్కువగా పారుతుంది. గంట మోగుతుంది. 1962లో జపాను దేశస్థుడు తగుచి దీన్ని కనిపెట్టాడు. ఇప్పుడు ఆ గింజను వెంట్రుక మందంలో వెయ్యోవంతు కంటే చిన్నగా చేస్తున్నారు. దాన్నే నానో అంటారు. కొంచెం గ్యాసు వచ్చినా తెలిసిపోతుంది.

వాసన ముక్కుకే తెలుస్తుంది కదా అంటారా? నిద్రలో ముక్కూ నిద్రపోతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ ఆవిరి పక్కనున్న వెంకటాపురం మీదికి వచ్చింది. జనం పడుకుని ఉన్నారు. సైరన్ మోగలేదు. 12 మంది చనిపోయారు. పరికరం పసిగడితే చాలదు, ఊరిని లేపేవారూ ఉండాలి.

వంటగ్యాసు గాలికన్నా బరువు. కిందికి దిగి పరుచుకుంటుంది. అందుకే పరికరాన్ని నేలకి దగ్గరగా పెట్టాలి. పరికరం లేని ఇంట్లో గ్యాసు వాసన వస్తే స్విచ్చి ముట్టకండి. రెగ్యులేటరు కట్టేయండి. తలుపులు తీయండి. బయటికొచ్చి 1906కి ఫోను చేయండి.