ప్రపంచ బ్యాంకు ఖాతాలో కూలీ పేరెక్కడ?

(ఊళ్ళలో పనిచేసే కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున ఒక అక్క అడిగింది: "మా ఊళ్ళో బ్యాంకోడే మాకు అప్పియ్యడు. ఇక ఆ ప్రపంచ బ్యాంకుతో మాకేం పని?" అని. సరైన ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికే నిలబడ్డాను.

పెద్దోళ్ళకు జ్ఞాపకముంటది, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 1996లో అది మూడున్నర అయింది. ఖజానా ఖాళీ అన్నారు. 1997 జనవరిలో ప్రపంచ బ్యాంకు మన రాష్ట్రం మీద ఒక నివేదిక అచ్చేసింది. సబ్సిడీలు తగ్గించండి, సర్కారు ఉద్యోగాల భారం దించుకోండి, కరెంటు రేట్లు పెంచండి అని దాని సారాంశం. 1998లో 54 కోట్ల డాలర్ల అప్పు మంజూరయింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు, దానికి వేరే అప్పు. 2000లో రేట్లు పెరిగాయి. ఆ ఏడు ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చచ్చిపోయారు. అక్కా, ఆ పెద్ద బ్యాంకుతో మనకున్న పని ఇది. నీ పొయ్యి మీద బియ్యం రేటు, నీ గుడిసెలో బల్బు బిల్లు.

ఈ సంస్థలు ఎట్లా పుట్టాయో కొంచెం చెప్తాను. 1944 జులైలో అమెరికాలోని బ్రెటన్‌వుడ్స్ అనే ఊళ్ళో 44 దేశాలోళ్ళు కూర్చుని రెండిటికి పునాది వేశారు. ఒకటి ప్రపంచ బ్యాంకు, రెండోది ఐఎమ్ఎఫ్. మన దేశం తరపున వెళ్ళిన బృందానికి నాయకుడు ఎవరనుకున్నారు? జెరెమీ రైస్‌మన్ అనే ఇంగ్లీషు దొర. అదే కాలంలో బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడు. కరెంటు కూడా ఆయన చూసే శాఖే. 1943 అక్టోబరులోనే, కరెంటు ప్రైవేటు చేతిలో ఉండాలా సర్కారు చేతిలో ఉండాలా అనే ప్రశ్న కమిటీ ముందు పెట్టాడు. 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలోనే ఉండాలన్నాడు. ఆయన అడిగిన ప్రశ్నకు 1999లో జవాబు వాషింగ్టన్ నుంచి వచ్చింది.

ఐఎమ్ఎఫ్‌లో మనిషికొక ఓటు కాదు, దేశానికొక ఓటు కూడా కాదు. డబ్బును బట్టి ఓట్లు. అమెరికాకి 16 శాతం పైన, మనకి మూడు శాతం లోపు. పెద్ద నిర్ణయం కావాలంటే 85 శాతం రావాలి. అంటే అమెరికా తల అడ్డంగా ఊపితే ఆగిపోయినట్టే. 1991లో మన దేశం 47 టన్నుల దాకా బంగారం ఇంగ్లండు, జపాన్ బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి, ఐఎమ్ఎఫ్ గడప ఎక్కింది. అప్పుకు పోయినోడి మాట ఎట్లా ఉంటదో మనకు వేరే చెప్పాలా! షావుకారు అరుగు మీద మనం చూసిందే.

మూడోది డబ్ల్యూటీవో. 1995 జనవరి 1న పుట్టింది, జెనీవాలో ఉంటది. ఇక్కడ కాయితం మీద దేశానికొక ఓటు. కానీ దాని లెక్క చూడండి. సర్కారు మద్దతు ధరకు ధాన్యం కొని రేషన్ షాపుకు ఇస్తే, రైతుకు ఎంత సబ్సిడీ ఇచ్చినట్టో అక్కడ కొలుస్తారు. ఏ ధరతో పోల్చి? 1986-88 నాటి ధరతో! అప్పుడు వంద పలికిన సరుకు ఇవాళ బజారులో వెయ్యి పలుకుతుందనుకోండి. సర్కారు తొమ్మిది వందలకు కొంటే బజారు కన్నా తక్కువే ఇచ్చినట్టు కదా? జెనీవా లెక్కలో మాత్రం ఎనిమిది వందల సబ్సిడీ కింద రాస్తారు. పండిన పంట విలువలో పది శాతం దాటితే తప్పు. వరి విషయంలో మన దేశం 2018-19లో దాటింది. 2013లో బాలిలో కుదిరిన తాత్కాలిక రక్షణ ఉంది గనక కేసు పడలేదు. 2017లోగా శాశ్వత పరిష్కారం తేలుస్తామన్నారు, ఆ గడువులో తేల్చలేదు.

దీన్ని రైతు సంఘాలోళ్ళు బాగా చెప్తారు. చెప్పాలి కూడా. కానీ వాళ్ళు చెప్పని మాట ఒకటుంది. మద్దతు ధర లెక్కలో మన కూలి ఎక్కడుంటది? ఖర్చుల పద్దులో, విత్తనం, ఎరువు పక్కన. ఉచిత కరెంటు 2004లో వచ్చింది, మంచిదే, కానీ మోటారు ఎవరిది? వ్యతిరేకంగా ఊరేగింపు తీసినప్పుడు ముందు నడిచేది మనోళ్ళే. అందుకని రేషన్ బియ్యం కోసం వాళ్ళతో కలిసి నడుద్దాం, కూలి రేటు మాట మాత్రం అక్కడే, ఆ వేదిక మీదే ఎత్తుదాం.

ఉద్యోగాల సంగతి రెండు ముక్కల్లో. రిజర్వేషన్ ఉన్నది సర్కారు కొలువుల్లో. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. ఫ్యాక్టరీ యంత్రాలు అవే, చెరుకు అదే, గేటు దగ్గర రోస్టర్ మాత్రం లేదు. బజారొస్తే కులం పోతుందని మనలోనే చదువుకున్న కొందరంటారు. పట్నంలో కొందరికి దారి దొరికిన మాట నిజం. ఊళ్ళో బజారుకు కూడా కులం పేరుంది, వాళ్ళు వచ్చి చూడాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే మండే సంగతి. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి మహాసభ పెట్టింది. అంటరానితనం మాట అక్కడ ఎత్తాలని దేశం నలుమూలల నుంచీ మనోళ్ళు పోయారు. మన సర్కారు ఏమంది? కులం మా ఇంటి సంగతి, పైవాళ్ళు మాట్లాడకూడదు అంది. మరి కరెంటు రేటు ఇంటి సంగతి కాదా? బియ్యం ధర ఇంటి సంగతి కాదా? అప్పు కోసం వాకిలి బార్లా తీసినోళ్ళు, మనం గోడు చెప్పుకోబోయేసరికి తలుపేశారు.

అయితే ఒక కిటికీ ఉంది. నర్మద లోయ జనం పోరాటం తర్వాత 1993లో ప్రపంచ బ్యాంకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ పెట్టింది. బ్యాంకు తన నియమాలు తానే పాటించనందువల్ల మాకు నష్టం జరిగిందని ఇద్దరు మనుషులు కలిసి రాస్తే చాలు. తెలుగులో రాయొచ్చు. ముందు బ్యాంకు అధికారులకు చెప్పుకుని ఉండాలి, అంతే.

అమరావతి చూడండి. 29 ఊళ్ళు, 33 వేల ఎకరాల పైన సమీకరణ. పట్టా రైతుకు ప్లాట్లు, ఏటా ఎకరానికి మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలతో మొదలైన కౌలు. అసైన్డు భూమికి మొదట్లో ప్లాటు కొలత తగ్గించారు. ఆ భూమి ఎవరిదో మీకు తెలుసు. భూమి లేని కూలీ కుటుంబానికి నెలకు 2,500తో మొదలైన పింఛను. పొలం పోతే కూలీకి పోయేది ఒక ఉద్యోగం కాదు, కలుపు, కోత, గేదెకు గడ్డి, అన్నీ పోతాయి. 2017లో అక్కడి నుంచి కొందరు ప్యానెల్‌కు రాశారు. 2019 జులైలో కేంద్రం ఆ అప్పు అడగడమే మానుకుంది. ఆ ఫిర్యాదు వల్లే అని నేననను, అప్పటికి రాష్ట్రంలో సర్కారు మారింది. 2024 డిసెంబరులో బ్యాంకు మళ్ళీ 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది.

అప్పు వచ్చిందంటే ఆ కిటికీ కూడా మళ్ళీ తెరుచుకున్నట్టే. భోజనాలయ్యాక, రాజధాని ఊళ్ళ నుంచి వచ్చినోళ్ళు ఆ వేపచెట్టు కింద కూర్చోండి. ఎవరి దగ్గర ఏ కాయితం ఉందో, ఎవరి దగ్గర అసలు లేదో, పింఛను ఎవరికి ఏ నెలనుంచి ఆగిందో, ముందు అది రాసుకుందాం.