ముందు 108కి, ఆ తర్వాతే మనకు



అమెరికాలోని ఈ హాల్లో పల్నాడు వాళ్లం చాలామందిమే ఉన్నాం. వేళగాని వేళ ఇంటి నుంచి ఫోన్ మోగితే ప్రాణం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

గురజాల దగ్గర పల్లెలో ఉండే మా మేనమామకు ఒకనాడు తెల్లవారుజామున ఛాతీ బరువెక్కి ఒళ్లంతా చెమటలు పట్టాయి. గ్యాసేమోనని వాము నమిలాడు, సోడా తాగాడు. తగ్గలేదు. మా అత్తయ్య 108కి చేయలేదు, నాకు చేసింది. "నీకైతే తెలుస్తుంది గదా నాయనా" అంది. డాక్టరు స్నేహితుణ్ని కనుక్కుని చెబుతానన్నాను. అతను ఫోనెత్తేసరికి ముప్పావుగంట. ఆ ముప్పావుగంట పోగొట్టింది నేనే. మామయ్య బతికాడు గానీ, మళ్లీ మిరపచేలో దిగలేకపోయాడు.

మామయ్యకు వచ్చింది గుండెపోటు. గుండె నాళంలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుంటే గుండె కండరం నిమిష నిమిషానికీ చచ్చిపోతుంటుంది. గడ్డను కరిగించే మందు గంటలోపు అందినవాళ్లలో మరణాలు దాదాపు సగం తగ్గాయని 1986లోనే ఇటలీ వైద్యులు తేల్చారు. మరి మన దగ్గర? 89 ఆసుపత్రుల్లో 20,468 మందిని పరిశీలించిన క్రియేట్ అధ్యయనం 2008లో లాన్సెట్‌లో వచ్చింది. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి సగం మందికి 360 నిమిషాలు, అంతకు పైనే పట్టింది. చేరాక మందు ఎక్కడానికి పట్టింది 50 నిమిషాలు. నెల తిరిగేలోగా పేదల్లో 8.2 శాతం, కలిగినవాళ్లలో 5.5 శాతం పోయారు. అందిన చికిత్సలో తేడాను సరిచేసి లెక్కిస్తే ఆ అంతరం మిగల్లేదు. అంటే పేదవాడి గుండె వేరు కాదు, వాడికి అందిన వైద్యమే వేరు.

గుంటూరు వైద్య కళాశాలలో చదివి ఇక్కడికొచ్చిన డాక్టర్లు అక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మిలీనియం బ్లాకుకు అండగా నిలిచారు. చేతులెత్తి దండం పెడుతున్నాను. అయితే ఆ 360 నిమిషాలు పోతున్నది ఆసుపత్రి గోడల బయట. ఇంట్లో, ఆర్‌ఎంపీ దగ్గర, ఈసీజీ లేని క్లినిక్కులో, మన ఫోన్లలో.

మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్ల పైమాటే. రెండు గంటల్లో స్టెంటు వేసే చోటికి చేరలేమనుకుంటే, దగ్గర్లోనే ఈసీజీ తీసి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, ఆపైన పెద్దాసుపత్రికి పంపాలి. 2023లో రాష్ట్రంలో మొదలైన స్టెమీ కార్యక్రమం పద్ధతి ఇదే. దాదాపు 40 వేల రూపాయల టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ అందులో ఉచితం. ఈ సంగతి మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇంకొక్క మాట. ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి లేకుండానే ఆయాసం, చెమట, దవడ లాగడంతో గుండెపోటు రావచ్చు. దాన్ని నీరసమని పడుకోబెట్టకండి.

ఈ రాత్రి మనకు ఇక్కడ భోజనాల వేళయ్యేసరికి అక్కడ తెల్లవారుతుంది. ఇంటికి ఫోన్ చేయండి. దగ్గర్లో రాత్రిపూట కూడా ఈసీజీ తీసి ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి ఏదో కనుక్కోమనండి. దాని పేరు, 108 నంబరు కలిపి గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. "ఛాతీలో ఏమాత్రం తేడాగా ఉన్నా ముందు 108కి చేయండి, నాకు అంబులెన్సు ఎక్కాక చేయండి" అని అమ్మానాన్నలకు మీ నోటితో చెప్పండి.