ఉదయ వేళ – ఏకాగ్రత

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



వేకువజామున లేచి పాఠము వల్లెవేయుట తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న అలవాటు. ఆ వేళ ఊరు సద్దుమణగి యుండును. రైతు ఆనాటి పనిని మనస్సులో అమర్చుకొనును. విద్యార్థి కఠినమైన లెక్కను ఆ వేళకే దాచుకొనును. దినము మొత్తములో మనుష్యుని మనస్సు పూర్తిగా తన సొత్తుగా నుండు ఘడియలు అవియే.

నేడు ఆ ఘడియలు ఎవరికి చెల్లుచున్నవో ప్రతి గృహస్థుడును ఆలోచింపవలసియున్నది. ఈ గ్రంథాలయము వెలసిన నాళ్ళలో పల్లెలయందు సెల్ ఫోను అరుదు. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమైన పిదప డేటా వెల ఎంతయో తగ్గి, అంతర్జాలము మారుమూల పల్లెలకును ప్రాకినది. అది మేలే. కాని దానితో ఒక క్రొత్త అలవాటును వచ్చినది. కన్ను తెరచిన వెంటనే చేయి దిండు క్రిందకు పోవును. వేళ యెంతైనదో చూతమని తీసిన ఫోనులో వాట్సాప్ శుభోదయములు, వాని వెంట ఎవరిదో తగవు, దాని వెంట ఒక వీడియో. ముఖము కడుగుకొనకముందే ముప్పావుగంట గడచిపోవును.

పోయినది ముప్పావుగంట మాత్రమే యైనచో అంత చింత లేదు. ఒక పనిని విడిచి మరియొక పనికి పోవునపుడు మొదటిదానిని గూర్చిన తలపు కొంత మనస్సున మిగిలి, రెండవదానిని కుంటుపరచునని 2009లో సోఫీ లెరాయ్ అను పరిశోధకురాలు ప్రయోగముల వలన చూపినది. ఉదయమున చదివిన తీరని తగవు పుస్తకము తెరచిన పిదపను లోపల నడచుచునే యుండును.

అష్టావధాని ఎనిమిదింటిని ఒక్కమారు చూచుకొనుట లేదా యని కొందరు అడుగవచ్చును. ఆయన ఏండ్ల తరబడి సాధన చేసినవాడు. పైగా ఆ సభలో అప్రస్తుత ప్రసంగి యొక్కడే. ఫోనులో నున్నవారందరును అప్రస్తుత ప్రసంగులే!

ఉదయమున ఈ బాధ హెచ్చుటకు కారణము కలదు. నిద్ర లేచిన తరువాత సాధారణముగా 15 మొదలు 30 నిమిషముల వరకు మత్తు పూర్తిగా విడువదు. ఏది చూడవలెను, ఏది మానవలెను అను విచక్షణ అప్పుడు మందముగా నుండును. పుస్తకమునకు కడపటి పుట కలదు. వార్తాపత్రికకు కడపటి వరుస కలదు. ఫోనులో వ్రేలు జరిపిన కొలది క్రొత్తది వచ్చుచునే యుండును. ఆపవలసినవాడు చూచువాడే, వాడా, ఇంకను సగము నిద్రలో నున్నాడు.

అట్లని ఫోను శత్రువు కాదు. వాన సూచన, మార్కెట్టు యార్డు ధర, దూరదేశముననున్న కుమారుని పిలుపు, ఇవి ఎవరికి వలదు? పోటీ పరీక్షకు చదువు పేదయింటి బాలిక పాఠములను ఫోనులోనే వినుచున్నది. పాఠమునకై తెరచిన పరికరమే ఆమెను పాఠమునుండి లాగుచున్నది. పరీక్ష తప్పినపుడు తనకు బుద్ధి చాలలేదని ఆమె కుమిలిపోవును. చాలనిది బుద్ధి కాదు, చెదరని ఉదయము.

2017లో ఏడ్రియన్ వార్డ్ మొదలగు అమెరికా పరిశోధకులు కొందరి ఫోనులను బల్లపైనను, కొందరివి సంచిలోను, కొందరివి వేరొక గదిలోను ఉంచి పరీక్షించిరి. వేరొక గదిలో నుంచినవారు బల్లపై నుంచినవారికంటె మెరుగుగా నుండిరి. తరువాతి పరిశోధనలన్నియు ఇట్టి ఫలితము నీయలేదు గనుక దీనిని వేదవాక్యముగా గొనరాదు. అయినను ఫోనును వేరొక గదిలో నుంచుటకు కాసు ఖర్చు లేదు గదా! మేల్కొలుపునకు చిన్న అలారం గడియారము చాలును. పాఠములను రాత్రియే ఫోనులో దింపుకొని, ఉదయమున డేటాను ఆపి వినవచ్చును. లేచిన పిదప మొదటి అరగంట ఒక్క పనికే ఈయవలెను. పెద్దలు ముందు ఆచరించిననే పిల్లలకు చెప్పు అర్హత కలుగును.

ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును కాపాడుటను గూర్చినది. అది గ్రంథపాలకునకు విధించిన ధర్మము. ఉదయ వేళను కాపాడుకొను ధర్మము మాత్రము పాఠకునిదే. ఈ గ్రంథాలయపు బల్లలు ఆ పాఠకుని కొరకే వేచియున్నవి.